ఆరో పాఠంలో రెండు చుక్కలు

"వచ్చేసింది!" అని స్టెల్లా కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

కంప్యూటర్ తెర మీద నక్షత్రం గుర్తులు బారులు తీరాయి. మొదటి వరసలో ఒకటి, రెండో వరసలో రెండు, మూడో వరసలో మూడు. చివరికి చీర అంచు మీది గోపురంలా ఒక బొమ్మ తయారైంది.

అది హైస్కూలు కంప్యూటర్ గది. ఆ రోజు శుక్రవారం. ఏడో తరగతి పిల్లలు ఎనిమిదిమంది కంప్యూటర్ క్లబ్బులో ఉన్నారు. వాళ్ళ మాస్టారు నాగేంద్రబాబు గారు ట్రైనింగ్‌కని కాకినాడ వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, "ఆరో పాఠం మీ అంతట మీరే చేసుకోండర్రా" అని చెప్పారు.

ఆ పాఠాలు మాస్టారు సొంతంగా రాసినవే. ఇంగ్లీషు పుస్తకం చూస్తే బెదిరిపోయే పిల్లల కోసం తెలుగులో రాసి ఇంటర్నెట్‌లో పెట్టారు. చుట్టుపక్కల ఆరు బడుల పిల్లలు వాటిని చూసే ప్రోగ్రాములు నేర్చుకుంటున్నారు.

కానీ ఈసారి పాఠంలో ఉన్నట్టే కొడితే, తెర మీద ఎర్రక్షరాలు వస్తున్నాయి. తప్పుందని చెబుతుంది గానీ, ఏం తప్పో చెప్పదు మహాతల్లి! చాలామంది పిల్లలు రెండుసార్లు కొట్టి, విసుగొచ్చి బొమ్మలేసే ఆట తెరిచారు.

స్టెల్లా మాత్రం ఐదో పాఠం తెరిచి పక్కన పెట్టుకుంది. రెండు పాఠాల్లోనూ ఒకేలాంటి లైను ఒకటుంది. ఐదో పాఠంలో దాని చివర కోలన్ ఉంది. అదే, ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు. ఆరో పాఠంలో మాస్టారు వాటిని పెట్టడం మరిచిపోయారు! స్టెల్లా తన ప్రోగ్రాంలో ఆ రెండు చుక్కలూ పెట్టింది. అంతే, గోపురం నిలబడింది.

పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్న హేమ టీచర్ గారు చప్పట్లు కొట్టారు. ఆవిడ తెలుగు చెబుతారు. "శభాష్ స్టెల్లా! ఒక్కదానివే చేసేవు. ఎలా వచ్చిందమ్మా?"

"పాఠం చూసి కొట్టేనండి" అంది స్టెల్లా.

రెండు చుక్కల సంగతి చెప్పలేదు. ఒక్కదానివే చేసేవు అన్న మాట ఆ పిల్లకి పూతరేకంత తియ్యగా ఉంది మరి. పైగా మాస్టారి తప్పు బయటపెడితే ఆయనకి కోపం రాదూ? ఈ రెండో కారణాన్ని స్టెల్లా కాస్త పెద్దది చేసి చూసుకుంది.

పక్క కంప్యూటర్ దగ్గర లక్ష్మీదుర్గ ఒక్క వేలితో అక్షరం అక్షరం చూసి కొడుతోంది. అది పదకొండోసారి. మళ్ళీ ఎర్రక్షరాలే.

"నాదెక్కడ తప్పయిందే?" అని స్టెల్లాని అడిగింది.

"మళ్ళీ చూసుకో" అంది స్టెల్లా, అటు తిరగకుండానే.

లక్ష్మీదుర్గ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నాకు వచ్చే చదువు కాదులే ఇది. సోమవారం మాస్టారు రాగానే క్లబ్బు మానేస్తానని చెప్పేస్తాను."

స్టెల్లా అప్పుడు తల తిప్పి చూసింది. ఇద్దరూ కలిసే క్లబ్బులో చేరారు. లక్ష్మీదుర్గ అయితే చేరడానికి ఇంట్లో వారం రోజులు బతిమాలుకుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే స్టెల్లా బండారులంకలో లక్ష్మీదుర్గ వాళ్ళింటికి వెళ్ళింది. మానేయొద్దని చెబుదామని. చుక్కల గురించి చెప్పాలా వద్దా అన్నది మాత్రం దారంతా ఆలోచించినా తేల్చుకోలేకపోయింది.

ఎప్పుడూ టకటకలాడే వాళ్ళ చీరల మగ్గం ఆ రోజు చప్పుడు చేయడం లేదు. లక్ష్మీదుర్గ నాన్న వీరవెంకటరమణ కింద కూర్చుని, ఒళ్ళో అట్టల దండ పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. అట్టల నిండా చిల్లులు. చిల్లు ఎక్కడుంటే మగ్గం మీద అక్కడి పోగు లేస్తుంది. అలా చీర మీద పువ్వు పడుతుంది.

"ఏం చేస్తున్నారు బాబాయి గారూ?"

"ఇదిగోనమ్మా, ఈ అట్టకి ఒక చిల్లు తక్కువ పడింది. అంచులో మామిడిపిందె పడినప్పుడల్లా ఒక చుక్క ఎగిరిపోతంది."

"అయ్యో! చీర పాడైపోయిందాండీ?"

"లేదమ్మా. నేను చూసేను కాబట్టి ఆ చోటుకి వచ్చినప్పుడల్లా పోగు చేత్తో ఎత్తి నేసేసేను. చీర బానే ఉంది."

"మరి ఇంక అట్ట జోలికెందుకండీ? మీకు తెలిసిపోయింది కదా!"

వీరవెంకటరమణ నవ్వాడు. "నాకు తెలిసింది. రేపు ఈ అట్టలు మా తమ్ముడి మగ్గానికెళ్తాయి. ఆనక ఇంకోళ్ళకి. ఆళ్ళకి తెలీదు కదమ్మా? మాకు చిన్నప్పట్నుంచీ ఒకటే నేర్పేరు. అట్ట ఎలా చెప్తే అలాగే నెయ్యాలని. తేడా వస్తే మేం మా చేతినే అనుమానిస్తాం గానీ అట్టని అనుమానించం. మా దుర్గా అంతే. మొన్నట్నుంచీ అన్నం సరిగా తినట్లేదు, తన చెయ్యే మంచిది కాదంటంది."

స్టెల్లా తల దించుకుంది. పదకొండుసార్లు! పాఠం ఎలా చెబితే అలాగే కొట్టింది దుర్గ.

"అట్టలు కొట్టినాయనకి చెప్తారాండీ? కోపం రాదూ?" అని మెల్లిగా అడిగింది.

"కోపమెందుకమ్మా? అన్నేసి అట్టలు కొట్టేవోడు ఒక చిల్లు మర్చిపోతే వింతేముంది? తెలిసీ చెప్పకపోతేనే బాధపడతాడు."

ఆయన చిన్న ఇనప గొట్టం అట్ట మీద ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. కందిగింజంత చిల్లు పడింది. ఎవరూ మెచ్చుకోని ఆ చిన్న పని కోసం మగ్గం ఆపుకుని కూర్చున్న మనిషిని చూస్తే స్టెల్లాకి చేతులెత్తి మొక్కాలనిపించింది. తనని తలుచుకుంటే మాత్రం సిగ్గేసింది.

లోపలికి వెళ్ళింది. లక్ష్మీదుర్గ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"తప్పు నీది కాదే. పాఠంలోనే రెండు చుక్కలు లేవు. నాకు శుక్రవారమే తెలుసు."

"శుక్రవారమే తెలుసా?"

"ఆ. చెప్పలేదు. నన్ను క్షమించవే."

లక్ష్మీదుర్గ మొహం పక్కకి తిప్పేసుకుంది. "ఇంటికెళ్ళు స్టెల్లా" అంది.

స్టెల్లా ఏడుపు ఆపుకుంటూ ఇంటికెళ్ళింది.

సోమవారం పొద్దున్నే మాస్టారు భుజం మీది సంచి దించకముందే ఎదురెళ్ళింది. ఉన్నదంతా చెప్పేసింది, హేమ టీచర్ గారికి సగమే చెప్పిన సంగతితో సహా.

మాస్టారు పాఠం తెరిచి చూసి నుదురు కొట్టుకున్నారు. "అయ్యబాబోయ్! ఆరు బడుల పిల్లలు తలలు పట్టుకునుంటారు కదమ్మా! పదిసార్లు చదివేను. రాసినోడి కంటికి లేని చుక్క కూడా ఉన్నట్టే కనబడుద్ది." అక్కడికక్కడే సరిచేసి, మిగతా బడుల మాస్టార్లకి ఫోన్లు చేశారు. తర్వాత స్టెల్లా వైపు తిరిగారు. "మూడు రోజులు ఆలస్యమైనా వచ్చి చెప్పేవు. మిగతా పాఠాల్లో ఇంకెన్ని ఉన్నాయో!"

"నేను చూసి పెడతానండి" అంది స్టెల్లా.

మధ్యాహ్నం అన్నం తిని కంప్యూటర్ గదికి వచ్చింది. ఏడో పాఠం తెరిచి గబగబా కొట్టేసింది. ప్రోగ్రాం మొదటిసారికే నడిచింది. "ఏడో పాఠంలో తప్పులు లేవు" అని కాగితం మీద రాసుకుంది.

"ఒకటుంది" అని వెనక నుంచి వినిపించింది. లక్ష్మీదుర్గ! ఎప్పుడొచ్చి నిలబడిందో!

"ఎక్కడే?"

"నాలుగో లైన్లో బ్రాకెట్ తెరిచేరు గానీ మూయలేదు. నువ్వు చూసుకోకుండానే మూసేసేవు."

స్టెల్లా పాఠం దగ్గరికి జరిగి చూసింది. నిజమే. తన చేయి దానంతటదే బ్రాకెట్ మూసేసింది, కంటికి తెలియనే లేదు. ఉన్నది ఉన్నట్టు చూసే కళ్ళు దుర్గవి!

స్టెల్లా లేచి కుర్చీ వదిలిపెట్టింది. "ఎనిమిదో పాఠం నువ్వు కొట్టు. నెమ్మదిగానే కొట్టు."

లక్ష్మీదుర్గ ఒక్క క్షణం ఆగి, కూర్చుంది. ఒక్క వేలితో మొదలుపెట్టింది.

స్టెల్లా తన కాగితం మీది మాట కొట్టేసి, మాస్టారి గదికి పరిగెత్తింది.

"మాస్టారండీ! ఏడో పాఠంలో ఒక బ్రాకెట్ మూయలేదండి. నాకు కనబడలేదు. లక్ష్మీదుర్గ పట్టుకుందండి."