తడి ఆరకూడని డిస్క్

శామీర్‌పేట చెరువు కట్ట మీద నాగసాయి కారు దిగాడు. చంకలో లాప్‌టాప్ ఉంది. ఎదురుగా ఆగిన బైక్ మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూడగానే అతనికి సంగతి అర్థమైపోయింది. పారిపోవడానికి దారి లేదు. ఉన్న బలమంతా పెట్టి లాప్‌టాప్‌ను చెరువులోకి విసిరేశాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు పొడిగా దగ్గింది. నాగసాయి కట్ట మీదే కూలిపోయాడు.

మర్నాడు పొద్దున మేడ్చల్ హైవే పక్కన ఒక విత్తనాల గోడౌన్. బస్తాల వెనక తలుపు తోస్తే సీక్రెట్ సర్వీస్ ఆఫీసు. చీఫ్ జనార్ధన్ మొహం ఎప్పటిలాగే మాడిపోయి ఉంది. ఆ మొహం చూస్తేనే ఏజెంట్ రక్షితకు ఒళ్లు మండుతుంది. ఆ ఆఫీసులో ఆమె మనిషిగా లెక్కవేసేది ఒక్క మహేష్‌నే. ఆ మహేష్ ఇప్పుడు శత్రువుల చేతిలో ఉన్నాడు.

"కోబాల్ట్ ముఠా," అన్నాడు చీఫ్. "ఫారిన్ గ్యాంగ్. తుర్కపల్లి ల్యాబుల మందుల ఫార్ములాలు కొట్టేసి అమ్ముకుంటాండ్రు. మహేష్‌ను వాళ్లల్ల కలిపింది నేనే. దొరికిపోయిండు."

"వద్దని నేను మొత్తుకున్న సార్."

"నీ మొత్తుకోలు తర్వాత. వాణ్ని ఏదో కోల్డ్ స్టోరేజ్‌ల పడేసిండ్రంట. యాడనో తెల్వదు. గా చలికి మనిషి పొద్దుగూకే దాకా ఆగడు. ముఠా కంప్యూటర్లు చూసే నాగసాయి మనసు మారి, వాళ్ల అడ్డాలన్నీ మనకు చూపిస్తనన్నడు. నిన్న ఆయన్నే లేపేసిండ్రు."

జనార్ధన్ ఒక పాలిథిన్ సంచిని టేబుల్ మీదకు తోశాడు. లోపల మట్టిరంగు చెరువు నీళ్లు. అందులో అరచేతంత హార్డ్ డిస్క్. డైవర్లు తెల్లవారకముందే లాప్‌టాప్ బయటికి తీశారు.

"ఇంకా నీళ్లల్లనే ఎందుకు పెట్టిండ్రు?"

"ఆరితే పోయినట్టే. లోపలికి పోయిన బురద ఎండి డిస్క్ పళ్లేలకు పట్టుకుంటది. ఇగ ఎంత మొనగాడైనా డేటా తియ్యలేడు. తడితడిగనే ల్యాబ్‌కు చేర్చాలె. పోచమ్మ గుడి సందుల మన రికవరీ ల్యాబ్ ఉంది గదా, కొత్త ఎక్స్‌పర్ట్ శ్రీదివ్యకు ఇయ్యి. 'చల్ల పులిసిందా' అంటది. 'పాలే తోడుకోలే' అని నువ్వనాలె."

"హైవే మీద వాళ్ల మనుషులున్నరు. మన బండ్లన్నీ గుర్తువడతరు."

"అందుకే నడిచి పోతవు. ఇయ్యాల బోనాలు. బోనమెత్తిన ఆడబిడ్డ మీద చెయ్యేసే దమ్ము ఎవనికీ లేదు. డిస్క్ బోనంల పెట్టు. శ్రీదివ్యకు గదే చెప్పిన."

చీఫ్ ఒక గాజు ఇచ్చాడు. చూడ్డానికి చార్మినార్ దగ్గర కొన్నట్టే ఉంది. నొక్కి ఎవరినైనా తాకిస్తే ఎద్దునైనా పడగొట్టేంత కరెంటు.

రక్షిత తల్లి రాధమ్మకు కూతురు ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తుందని గట్టి నమ్మకం. ఇంట్లో పసుపు రాసిన బోనం కుండ సిద్ధంగా ఉంది. అందులో బెల్లపన్నం, పైన దివ్వె. రక్షిత సంచిని అన్నంలోకి దూర్చబోయిందో లేదో, చేతి మీద ఫట్‌మని దెబ్బ పడింది.

"ఏందది? పోచమ్మ అన్నంల బురద పెడ్తవా? సెయ్యి ఇరగ్గొడ్త!"

"అమ్మా, ఆఫీసు పని..."

"నీ ఆఫీసును తీసుకపోయి మోరీల పడెయ్."

చీఫ్ మాట జవదాటినా బతకొచ్చు. రాధమ్మ మాట జవదాటితే కుదరదు. బోనమెత్తే ఆడవాళ్లు అమ్మవారి ముందు సాక పోయడానికి చెంబుతో పసుపు నీళ్లు కూడా తీసుకెళ్తారు. అసలు సాక రాధమ్మ చేతిలోనే ఉంది. రక్షిత ఇంకో వెడల్పు మూతి ఇత్తడి చెంబు తీసుకుని, సంచిని అందులో దించి, పైన వేపమండలు కప్పింది.

డప్పులు దద్దరిల్లుతున్నాయి. తలమీద బోనం, చేతిలో చెంబు. సందు మొదట్లో నల్ల కళ్లద్దాల మనిషి ఒకడు వచ్చే పోయే వాళ్ల సంచుల్లోకి తొంగి చూస్తున్నాడు. రక్షిత కావాలనే వాడి ముందు ఆగింది.

"ఏంరా, బోనం దిక్కు గట్ల సూస్తవ్?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి వాడివైపు తిరిగారు. వాడు చేతులు జోడించి గోడకు అతుక్కుపోయాడు. గుడి దగ్గర పడగానే ఆమె గుంపులోంచి తప్పుకుని ల్యాబ్ మెట్లెక్కింది.

తెల్ల కోటు, ఎర్రని పెదాలు, కళ్లు తిప్పుకోలేని అందం. శ్రీదివ్య నవ్వుతూ తలుపు తీసింది. ఆ నవ్వు రక్షితకు మొదటి చూపులోనే నచ్చలేదు.

"చల్ల పులిసిందా?"

"పాలే తోడుకోలే."

"రండి. బోనం ఇలా టేబుల్ మీద దించండి." రక్షిత బోనం దించింది. శ్రీదివ్య హెయిర్ డ్రైయర్ ప్లగ్ పెట్టింది.

"అదెందుకు?"

"ముందు డిస్క్‌ను బాగా ఆరబెట్టాలి కదండీ."

రక్షితకు చీఫ్ మాట గుర్తొచ్చింది. డిస్క్ ఆరితే మహేష్ చచ్చినట్టే. ఈ పని తెలిసిన మనిషి ఆ మాట అనదు. అన్నదంటే మహేష్‌ను చంపడానికే.

ఆమె మొహం మారడం శ్రీదివ్య చూసింది. కోటు జేబులోంచి పిస్టల్ బయటికి వచ్చింది.

"తెలివైనదానివే. చెంబు కింద పెట్టి గోడ దగ్గరికి జరుగు. మీ జీతం మీరిచ్చారు, కోబాల్ట్ జీతం కోబాల్ట్ ఇచ్చింది. వాళ్లది ఎక్కువ. మీ మహేష్ ఈపాటికి సగం గడ్డకట్టి ఉంటాడు."

ఇంత అసహ్యం రక్షితకు ఎవరి మీదా ఎప్పుడూ కలగలేదు. పళ్లు కొరుక్కుని చెంబును టేబుల్ కాలి పక్కన పెట్టి గోడ దగ్గరికి జరిగింది.

శ్రీదివ్య బోనంలో చెయ్యి పెట్టి కెలికింది. అన్నం. ఇంకా లోతుకు పెట్టింది. అన్నమే. చివరికి కుండను బోర్లించేసింది. బెల్లపన్నం టేబుల్ నిండా పడింది, దివ్వె దొర్లి ఆరిపోయింది.

"ఎక్కడ? బోనంలో అన్నాడు మీ ముసలి చీఫ్!"

"బోనంల అన్నమే ఉంటది."

జిగురు చేతిని విదిలిస్తూ శ్రీదివ్య కిందికి చూసింది. వేపమండల కింద పాలిథిన్ మెరిసింది. ఆమె ఒక్క ఊపున చెంబు ఎత్తి నేలకేసి కొట్టబోయింది.

రక్షిత గోడ దగ్గర్నుంచి ముందుకు దూకింది. గాజు శ్రీదివ్య మెడకు తగిలింది. పిస్టల్ పేలి గుండు పైకప్పులో దిగింది. ఆ చప్పుడు డప్పుల్లో కలిసిపోయింది. ఒకవైపు శ్రీదివ్య పడింది, ఇంకోవైపు చెంబు పడబోయింది. రక్షిత దాన్ని నేలకు జానెడు ఎత్తులో పట్టుకుంది.

స్టోర్ రూంలోంచి మూలుగు. తలుపు తీస్తే ల్యాబ్ పాత ఇంజనీర్ వెంకటేశ్వరరావు, కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు. నోటి గుడ్డ తియ్యగానే ఆయన అన్న మొదటి మాట, "ముందా ఫ్యాను ఆపండమ్మా! దుమ్ము రేగితే డిస్క్ పాడైపోతుంది."

దుమ్ము చేరని క్లీన్ రూంలో ఆయన డిస్క్ విప్పి, పళ్లేలను కడిగి, అదే మోడల్ మరో డిస్క్‌లోంచి తీసిన, డేటా చదివే హెడ్ బిగించాడు. కాపీ మొదలైంది. మధ్యలో డిస్క్ టిక్కుటిక్కుమంది. డిస్క్ మళ్లీ తిరిగింది. స్క్రీన్ మీద ఒక్కో ఫైలే తేలింది. తుర్కపల్లి వెనక మూతపడిన కోల్డ్ స్టోరేజ్, మ్యాప్‌తో సహా.

చీఫ్ పంపిన కమాండోలు గేటు బద్దలు కొట్టే సరికి పొద్దు వాలుతోంది. ఐసు గదిలో మహేష్ పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు తెరిచాడు.

"గింత లేటా?"

"బోనాల ట్రాఫిక్‌రా, గాడిదా," అంది రక్షిత, అతన్ని పట్టుకుని ఏడుస్తూ.

ఫోన్ మోగింది. రాధమ్మ.

"బోనం ఏదే? పోచమ్మకు అప్పజెప్పినవా?"

"అమ్మా... ఆఫీసు పనిల కింద పడ్డది."

"ఇన్సూరెన్స్ ఆఫీసుల బోనం పడేసే పనేందే? వచ్చే ఆదివారం మళ్ల ఎత్తాలె. మీ సారును గూడ తోలుకరా. ఆయనకు చెప్పే మాటలు నా దగ్గర మస్తున్నయ్."

కోబాల్ట్ ముఠాకు ఏనాడూ భయపడని చీఫ్ జనార్ధన్ ఆ ఆదివారానికి ఢిల్లీలో అర్జెంటు పని పెట్టుకున్నాడు.