ఇరవై మంది లేని దుకాణం

పనిలో చేరిన మొదటి రోజు, మొదటి గంటలోనే సుబ్బరత్నం నెత్తి మీద ఒక రవిక గుడ్డ వచ్చి పడింది.

చిలకపచ్చ పట్టు గుడ్డ. ఉండచుట్టి ఎవరో గురిచూసి విసిరారు. అది ఆమె జడలోని మల్లెచెండును తన్ని, కుట్టు మిషన్ మీదికి దొర్లింది.

"కళ్ళు కనిపించవా అండీ?" అంది రత్నం లేచి నిలబడి.

చీరల పరుపు మీద మఠం వేసుకు కూచున్న కుర్రాడు నవ్వాడు. "కనిపిస్తయ్. గందుకే గురి తప్పలే. జర అందిందని చెప్పు."

"ఏం చెప్పాలి?"

"'అందింది' అనాలె. నువ్వు అనేదాంక నేను గిరాకీని పంపియ్యద్దు. మా షాపు కాయిదా గంతే."

"ఎవర్నండీ నువ్వు అంటున్నారు? పరిచయమైనా లేకుండా!"

"నెత్తి మీద గుడ్డ పడినంక గూడ పరిచయం కాలేదా?"

చీర కొంటున్న పెద్దావిడ ఫక్కున నవ్వింది. రత్నం ముఖం కందగడ్డ అయింది. "అందింది," అంది పళ్ళ బిగువున.

అబిడ్స్‌లో భూమయ్య సేఠు బట్టల దుకాణం రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు సగంలో చీరలు, వెనక సగంలో కుట్టు మిషన్లు. చీర అమ్ముడు కాగానే దాని చివర ఉన్న రవిక గుడ్డ కత్తిరించి, కొన్నావిడ పేరు కేకేసి వెనక్కి విసరడం, వెనకవాళ్ళు పట్టుకుని "అందింది" అనడం ఆ దుకాణం పుట్టిన నాటి నుంచీ అలవాటు. కేకకు బదులు రాకపోతే విసిరినవాడు కదలకూడదు.

రత్నం తండ్రి లక్డీకాపూల్‌లో గుమాస్తాగా ఉండేవాడు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తెనాలి నుంచి వచ్చిన కుటుంబం. ఆయన పోయాక తల్లి జానకమ్మ, కూతురు నాంపల్లిలో రెండు గదుల వాటాలో మిగిలారు. రత్నం నేర్చుకున్న కుట్టుపనే ఇప్పుడు ఇంటికి ఆధారం.

ఆ కుర్రాడి పేరు విద్యాసాగర్. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, తనను పెంచిన పెద్దమ్మతో ఉంటాడు. అమ్మేది చీరలే అయినా మాటలు మాత్రం ఉచితంగా పంచిపెడతాడు.

నెల తిరిగేసరికి విసురును బట్టి అతని మనసు పోల్చుకోవడం రత్నానికి వచ్చేసింది. గుడ్డ గిర్రున తిరుగుతూ వస్తే హుషారుగా ఉన్నట్టు. నేరుగా ఒళ్ళో వాలితే ఏదో చెప్పాలనుకుంటున్నట్టు. ఒకసారి గుడ్డ మడతలో ఉస్మానియా బిస్కట్ వచ్చింది. ఆ రోజు "అందింది" అనడానికి ఆమెకు కొంచెం ఆలస్యమైంది. నోటినిండా బిస్కట్ మరి!

నువ్వు అనే మాట ఎప్పుడు తియ్యగా మారిందో రత్నం గమనించనే లేదు.

కానీ ఆ వేసవిలో గుడ్డలు దూరం రావడం మానేశాయి. కొన్ని సగం దారిలోనే నేల రాలేవి. విసిరిన వెంటనే దగ్గు. పొడిదగ్గు, ఆగని దగ్గు. గిరాకీలు ముఖం చిట్లించి పక్క పరుపు దగ్గరికి జరిగేవాళ్ళు.

"కొత్త బట్టల గంజి దుమ్ము," అనేవాడు సాగర్.

"మాకు లేదేం మరి ఆ దగ్గు? మేమూ ఆ దుమ్ములోనే ఉన్నాం."

"మీ ఆంధ్రోళ్ళ గొంతు గట్టిది. గంత లొల్లి చేస్తరు గద!"

రత్నానికి నవ్వు రాలేదు.

ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త వచ్చింది. అప్పటిదాకా ఫ్యాక్టరీ పనివాళ్ళకే ఉన్న ఈఎస్ఐ బీమా ఇక దుకాణాలకూ హోటళ్ళకూ సినిమా హాళ్ళకూ వర్తిస్తుందట. జీతంలోంచి కాస్త, యజమాని వాటా కాస్త. కార్డు చేతిలో ఉంటే డాక్టరు, మందులు, ఎక్స్‌రే అన్నీ చూసుకుంటారు. జబ్బుతో వైద్యంలో ఉన్న మనిషిని పనిలోంచి తీసెయ్యడానికీ వీల్లేదు. అయితే ఇరవై మందో అంతకు మించో పనివాళ్ళు ఉన్న చోటే.

రత్నం ఆ పేపరు ముక్క చూపిస్తే దుకాణమంతా పండగ చేసుకుంది. ముందు పదమూడు మంది, వెనక తొమ్మిది మంది. చాలినంత మంది పోగా ఇద్దరు ఎక్కువే!

పండగ వారం నిలవలేదు. ఒక ఉదయం వచ్చేసరికి దుకాణం నడిమధ్య చెక్కగోడ లేచి ఉంది. వెనక భాగానికి పక్క సందులోంచి కొత్త గుమ్మం, దాని మీద 'కామాక్షి టైలరింగ్ హౌస్' అని బోర్డు. కామాక్షి అంటే సేఠు భార్య. ఆవిడ ఆ గడప ఎన్నడూ తొక్కిన పాపాన పోలేదు.

"ఇరవై మంది ఏడున్నరు? ఇది ఒక షాపు, గది ఒక షాపు," అన్నాడు భూమయ్య సేఠు అమాయకంగా. "మీ పనులు మీకున్నయ్. ఫికర్ ఎందుకు? నేనూ బతకాలె గద."

ఫ్యాను గాలి కోసం గోడ పైన గజమంత ఖాళీ వదిలారు. గుడ్డలు ఆ ఖాళీలోంచి ఎగిరి వచ్చేవి. మనిషి మాత్రం కనిపించడు. దగ్గు ఒకటే వినిపిస్తుంది.

మిషన్ చప్పుడు ఆపి ఆపి వినేది రత్నం. దగ్గు వస్తే భయం. చాలాసేపు రాకపోతే మరీ భయం.

"పొద్దున ఏమైనా తిన్నారా?" అనేది గోడకు నోరు ఆనించి.

"తిన్న."

"అబద్ధం."

"నా పొట్ట గూడ కనబడ్తదా నీకు గోడకెల్లి?"

"గొంతు చెబుతోంది."

ఒక సాయంత్రం దుకాణం కట్టేసే వేళకు వాన పట్టుకుంది. అబిడ్స్ రోడ్డంతా సైకిళ్ళూ రిక్షాలూ మెరుస్తున్నాయి. ఇద్దరూ ఒక దుకాణం చూరు కింద నిలబడ్డారు. వేరే రోజైతే ఆ వానకు రత్నం చెయ్యి చాచి ఆడుకునేదే. సాగర్ అటు తిరిగి దగ్గి, రుమాలు గబుక్కున జేబులో కుక్కుకున్నాడు.

"ఏమిటది? చూపించండి."

"ఏం లేదు. పాన్ వేసుకున్న."

"మీరు పాన్ వేసుకోరు."

సాగర్ వానను చూస్తూ మెల్లగా అన్నాడు. "దవాఖానకు పోతే ఏమంటరో నాకెరుకే రత్నం. గా పేరు షాపుల తెలిస్తే తెల్లారి నుంచి రావద్దంటడు సేఠు. చీరలు పరిచేటోనికి గా బీమారి అంటే ఏ ఆడామె ముట్టుకుంటది? పెద్దమ్మకు ముద్ద ఎవరు పెడ్తరు?"

"కార్డు ఉంటే తీసెయ్యలేరుగా?"

"కార్డు ఏడున్నది? మన నడుమ గోడ ఉన్నది."

ఆ మాటతో వాన చల్లదనం రత్నం గుండెలోకి దిగింది.

వారం తర్వాత సేఠు అందరికీ పాఠం చెప్పాడు. ఈఎస్ఐ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. వెనకవాళ్ళంతా 'మాది కామాక్షమ్మ గారి షాపు' అనాలి. ఇన్‌స్పెక్టరు ఉన్నంతసేపూ గుడ్డలు విసరకూడదు. ఎవరైనా నోరు జారితే ఇంటిదారి పట్టాలి.

ఇన్‌స్పెక్టరు ముందువైపు నుంచి వస్తాడనుకున్నారు. ఆయన పక్క సందులోంచి, సరాసరి కుట్టు మిషన్ల మధ్యకు వచ్చాడు. గోడకు అటువైపు ఎవరికీ ఆ సంగతి తెలియదు.

"ఈ షాపు ఎవరిదమ్మా?" అడిగాడు రత్నాన్ని.

ఇంట్లో అమ్మ, కిరాయి, సగం కుట్టిన రవిక, అన్నీ ఒక్కసారి రత్నం కళ్ళముందు తిరిగాయి.

"కామాక్షమ్మ గారిదండి."

అనేసింది. అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఇన్‌స్పెక్టరు తలూపి వెళ్ళబోయాడు.

సరిగ్గా అప్పుడు గోడ పైనుంచి ఎర్ర గుడ్డ ఎగిరొచ్చి ఇన్‌స్పెక్టరు భుజం మీద వాలింది. అటువైపు నుంచి కేక. "సౌభాగ్యమ్మ రవికా!"

"అందింది!" అంది రత్నం.

ఆమె అనలేదు, ఇన్నాళ్ళ అలవాటు అంది. అని నాలుక కరుచుకుంది. గోడ అవతల దగ్గు మొదలైంది.

ఇన్‌స్పెక్టరు భుజం మీది గుడ్డను తీసి చూశాడు, గోడను చూశాడు, ఆమెను చూశాడు. కేక విని సేఠు అప్పటికే సందు చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చాడు.

"పక్క షాపోళ్ళు సార్! మాకు ఆర్డర్లు ఇస్తుంటరు. గంతే!"

"అంతేనా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ ఒక్క ప్రశ్నలో ఆమెకు ఇంకో అవకాశం ఉంది. ఔనంటే అందరూ క్షేమం. అటువైపు దగ్గు మాత్రం ఆగడం లేదు. మిషన్లన్నీ ఆగిపోయి ఉండటం వల్ల అది గదంతా నిండిపోయింది.

"కాదండీ," అంది రత్నం. "ఇందాక అబద్ధం చెప్పాను. ఇది ఒకటే షాపు. గోడ మొన్న వేసవిలో కట్టారు. మేం ఇరవై ఇద్దరం. అటువైపు దగ్గుతున్న ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మాకు మీ కార్డు కావాలండీ."

భూమయ్య సేఠు చెమట తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అందరి పేర్లూ రాసుకుని వెళ్ళాక అరుస్తాడనుకుంటే, మిషన్ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏం పిల్లవమ్మా నువ్వు! తీసేద్దామంటే రేపు మళ్ళా ఆయన వచ్చి నువ్వేదీ అంటడు." గోడ వైపు చూసి గొంతు తగ్గించాడు. "గంతగనం దగ్గుతుండా వాడు? నేను ముందర గల్లా కాడ ఉంట. రేడియో మోతల వినబడలే."

మర్నాడు గోడ ఊడింది. గోడ ఊడిన చోట సాగర్ నిలబడి ఉన్నాడు, ముఖం మాడ్చుకుని.

"ఎవరు చెప్పమన్నరు నిన్ను? అబిడ్స్ మొత్తం నా దగ్గు గురించే మాట్లాడుతున్నది."

"మాట్లాడనివ్వండి. నేను మీతో మాట్లాడాలంటే మీరుండాలిగా!"

అతను విసురుగా చీరల పరుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. కార్డులు వచ్చాయి. సాగర్ సనత్‌నగర్‌ ఈఎస్ఐ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఫలితం చెప్పే రోజు రత్నం పని మానుకుని నాంపల్లి డిస్పెన్సరీ వరండాలో నిలబడింది. మేఘాలు కమ్ముకుని పగలే దీపాలు పెట్టారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

చివరికి సాగర్ బయటికి వచ్చాడు. "గాడనే నిలబడు. దగ్గరికి రాకు."

రత్నానికి అర్థమైంది.

"టీబీయే. చిన్న మచ్చ అన్నరు. తొందరగనే పట్టుకున్నమట. సూదులు, గోళీలు, ఏడాదిన్నర. మంచిగ తినాలె, పాలు, గుడ్లు. నయమైతదంట, పక్కా." ఊపిరి పీల్చుకున్నాడు. "కొలువు గూడ పోదు. గిదంతా నీ వల్లనే. గని ఇగ నన్ను ఇడిసిపెట్టు. ఏడాదిన్నర గీ బీమారోని కోసం చూస్తవా? మీ అమ్మ ఏమంటది?"

"ఏడాదిన్నరేగా? నేను రవికలకు కాజాలు కుట్టుకుంటూ గడిపేస్తాను. మా అమ్మ సంగతి నాకు వదిలెయ్యండి."

వదిలెయ్యమంది గానీ, ఆ సాయంత్రం అమ్మ ముందు కూచుని మొత్తం చెప్పేసరికి రత్నం ఏడ్చేసింది. జబ్బు సంగతి, దుకాణం సంగతి, అన్నిటికన్నా కష్టమైన ఆ మూడో సంగతి, తన మనసు సంగతి. జానకమ్మ మడి కట్టుకునే మనిషి. ఉల్లిపాయ కూడా పండగ పూట ఇంట్లోకి రానివ్వదు. ఆవిడ అంతా విని, దీపం వత్తి సరిచేసి, "డాక్టరు ఏం తినమన్నాడు?" అని మాత్రం అడిగింది.

తెల్లవారి ఆదివారం. రత్నం లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. వసారాలో కిరసనాయిలు స్టవ్వు, పక్కన ఒక పాత సత్తు గిన్నె, ఇంకా వేడిగా.

నిన్న అమ్మ అడిగిన మాట గుర్తొచ్చి రత్నం వానలోనే స్టేషన్ వెనక గల్లీకి పరుగెత్తింది. సాగర్ గుమ్మం ముందు గొడుగు పట్టుకుని, ఇంటికి వీపు పెట్టి, గట్టిగా కళ్ళు మూసుకుని నిలబడి ఉంది జానకమ్మ. ఆమె వెనక అరుగు మీద సాగర్, అతని చేతిలో ఉడికించిన కోడిగుడ్డు.

"మా ఇంట్ల గూడ ఉడకపెట్టుకుంటం గదమ్మా," అంటోంది పెద్దమ్మ గుమ్మంలోంచి బెంగగా.

"మీరు పెద్దవాళ్ళు, మీకెందుకండీ శ్రమ? నేను తెస్తాను రోజూ. చూడను, అంతే," అంది జానకమ్మ కళ్ళు తెరవకుండా. "ఏమయ్యా, అయిందా?"

సాగర్ రత్నాన్ని చూశాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలోకి ఆ పాత కొంటెనవ్వు వచ్చింది.

"ఇంకొకటి ఉన్నదత్తమ్మా."

అత్తమ్మా అన్న పిలుపు విని రత్నం అమ్మ ముఖం వైపు చూసింది.

"అయితే కానియ్యి," అంది జానకమ్మ, కళ్ళు అలాగే మూసుకుని. "నేను నిలబడే ఉంటాను."