దించరాని మూట

పిల్లలూ, రాతిగడప రాజ్యంలో వానలు కరువై బావులు అడుగంటాయి. ఎర్రకొండ శిఖరం మీద ఎన్నడూ ఎండని ఊట ఒకటుంది. కానీ దానికి ఒక రాక్షసి కాపలా. దాన్ని జయించడానికి వెళ్ళిన సైనికులెవరూ తిరిగి రాలేదు. కొండ మీదే రాళ్ళయిపోయారని చెప్పుకునేవారు.

ఆ సైన్యం సంగతి కాస్త చెప్పాలి. అక్కడ సైనికుడు కావాలంటే సైనికమూట వీపున ఎత్తుకుని నిలబడాలి. డాలు, కవచం, ఈటెలు, తిండి గింజలు, ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కొత్తగా వచ్చిన ప్రతి దళవాయీ, అంటే సేనాధిపతి, తన పేరు నిలవాలని మూటలో ఇంకో వస్తువు చేర్పించేవాడు. ఒకాయన ఇత్తడి గంట చేరిస్తే, ఇంకొకాయన ఇనుప పీట చేర్చాడు. పాతది తీసేస్తే పాత దళవాయికి అవమానమట! ఆ మూటను దళవాయి సభలో, నీడపట్టున, ఒక్కసారి ఎత్తి చూపి మీసం మెలేసేవాడు. అదే అందరికీ కొలత. దారిలో మూట దించినవాడు పిరికివాడని ముద్ర వేసి, వాడి ఇంటివాళ్ళను ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఆ రాజ్యంలో ఓబుళమ్మ అనే అమ్మాయి ఉండేది. ఆమె అన్న తిరుపాలు అలాగే వెళ్ళి తిరిగి రాలేదు. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లకు అన్నే సర్వస్వం. తానూ కొండెక్కుతానని దళవాయి దగ్గరికి పోయింది కానీ, మూట ఎత్తలేకపోయింది.

"ఇంటికి పోయి సంకటి కెలుక్కో, పో!" అని దళవాయి నవ్వాడు.

"ఎత్తినోళ్ళు ఎవరన్నా తిరిగొచ్చినారా సామీ?" అని అడిగింది ఓబుళమ్మ. దళవాయి ఆమెను బయటికి గెంటించాడు.

కొడవలి, సొరబుర్రలో కాసిని నీళ్ళు తీసుకుని ఆమె ఒంటరిగా అడవి దారి పట్టింది. లోయ మీద తీగల వంతెన దగ్గర ఒక ముసలి ఏనుగు అడ్డం నిలిచింది.

"ఏం మోసుకొచ్చావు? మూటల బరువుకు ఈ వంతెన తెగి ఎంతమంది లోయలో పడ్డారో నేను చూశాను. ప్రతిసారీ తీగలు మళ్ళీ అల్లింది నేనే," అంది.

ఓబుళమ్మ చేతుల్లోని కొడవలి, సొరబుర్ర చూపించింది. ఏనుగు పక్కకు తప్పుకుంది. పైన రాతి చీలికలో ఒక ముని తపస్సు చేసుకుంటున్నాడు.

"ఆ సైనికులు మూటలతో ఈ చీలికలో పట్టలేదు తల్లీ. చుట్టుదారిన ఎండలో పోయారు. నువ్వు ఈ నీడన పో," అన్నాడు.

శిఖరం మీద ఊట ముందు రాతి మనుషులు వరసగా నడుములు వంచి ఉన్నారు. వాళ్ళలో తిరుపాలును చూసి ఓబుళమ్మ ఘొల్లుమంది.

"మా అన్నను రాయి చేసినావు గదే, పాపిష్టిదానా!"

"నేనెవర్నీ ఏమీ చెయ్యలేదు," అంది రాక్షసి. "బరువు దించినవాళ్ళకే నీళ్ళివ్వాలని నాకు శాపం. దించి తాగమని ఒక్కొక్కణ్ణీ బతిమాలాను. దించితే నా చెల్లెలికి బావి నీళ్ళుండవన్నాడు మీ అన్న. దాహంతో అలాగే నిలబడి రాయయ్యాడు."

ఓబుళమ్మ అన్న వీపు మీది మూటను తడిమి చూసింది. మనిషి రాయైనా మూట కట్లు మాత్రం ఇంకా తోలుగానే ఉన్నాయి. కొడవలితో వాటిని కోసింది. మూట దబ్బున పడగానే రాతి వీపు కదిలి, ఒంట్లో నెత్తురు పారింది. ఆమె అందరి కట్లూ కోసేసరికి రాక్షసి శాపం తీరి మాయమైంది. ఊట పొంగి కొండ దిగువకు పారింది.

తిరుపాలు కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "నా మూటేదీ?" అని.

రాజు పాత దళవాయిని తొలగించి ఓబుళమ్మను దళవాయిని చేశాడు. ఆమె మైదానంలో నిలబడి చెప్పింది. "ఇంక డాలు, ఈటె, గింజలు, నీళ్ళు. అంతే. వాటితో కొండెక్కి, ఎక్కినాక పోరాడగలిగినోడే సైనికుడు."

కుర్రవాళ్ళు సంతోషంతో కేకలు వేశారు. అప్పుడు రాళ్ళయి లేచినవాళ్ళంతా గుంపుగా వచ్చి అడ్డం నిలబడ్డారు. అందరికన్నా ముందు తిరుపాలు.

"ఆ మూట కింద మేం రాళ్ళయినాం. నిన్నమొన్నటి పిల్లోళ్ళు తేలిగ్గా ఎక్కిపోతారా? అట్లయితే మేం మోసింది దేనికమ్మీ?"

ఓబుళమ్మ ఆజ్ఞ మార్చలేదు.

ఆ తర్వాత రాతిగడపలో ఎవరూ రాయి కాలేదు. బావులు నిండుగా ఉన్నాయి. తిరుపాలు మాత్రం ఇనుప పీటతో, ఇత్తడి గంటతో సహా ఆ మూటకు కొత్త తోలు కట్లు కుట్టించి వీపున వేసుకునే తిరుగుతాడు. చెల్లెలు ఎదురొస్తే తల తిప్పుకుంటాడు. ఓబుళమ్మ దగ్గర ఆ కొడవలి ఇప్పటికీ పదునుగానే ఉంది. ఆ కట్లు కొయ్యడానికే ఆమెకు చేతులు రావడం లేదు.