సుబేదారు మూసిన గుహ

అన్యాయం ఎవరికి జరిగింది? పొడెం వంశపు కోయలకు. ఎలా జరిగింది? కొండవారు తిరగబడిన పితూరీ కాలంలో తెల్లదొరల పటాలం కొండలమీదికి వచ్చినప్పుడు వారి మగవారు అడవులు పట్టిపోయారు. ముసలివారూ, స్త్రీలూ, పసిపిల్లలూ తమ వంశదేవతలుండే వేల్పుల బుట్టను తీసుకొని ఒక గుహలో తలదాచుకున్నారు. సుబేదారు తమ్మయ్య నాయుడు ఆ గుహ వాకిలికి తుపాకిమందు పెట్టించి కూల్చివేశాడు. పైఅధికారులకు మాత్రం ఘోరయుద్ధం జరిగిందనీ, శత్రువులు నేలకూలారనీ విన్నవించాడు. ఆ యుద్ధానికి బహుమానంగా గోదావరి ఒడ్డున ఎత్తైన మెట్టనొకదానిని ఇనాముగా పొందాడు. జరిగినది ఇదే. ఎంత అలంకరించి చెప్పినా ఇది హత్యే అవుతుంది.

సుబేదారు మునిమనుమరాలు కాత్యాయనికి ఈ సంగతి తెలిసేనాటికి ఆమె వయసు అరవై దాటింది. సైనిక ఆసుపత్రులలో నర్సుగా పనిచేసి, కెప్టెన్ హోదాలో పదవీ విరమణ చేసిన స్త్రీ ఆమె. ముత్తాతకు గుర్తుగా ఇంట్లో మిగిలినవి రెండే: పెళ్లిళ్లలో బయటికి తీసి పూజించే కత్తి, దేవుడి గదిలో గంట మోగించరాదన్న కట్టడి. ఆ కట్టడికి కారణం ఎవరికీ తెలియదు. వంశచరిత్ర వ్రాయాలని పూనుకొన్న కాత్యాయని, ముత్తాత గెలిచిన యుద్ధభూమిని చూడాలని కొండల్లోకి వెళ్లింది. అక్కడి గూడెంలో ఆమె ప్రశ్న విని పొడెం జోగమ్మ అనే నడివయసు స్త్రీ పకపక నవ్వింది.

"యుద్దమా? ఎవురితోటమ్మా? సంకన పిల్లలున్న ఆడోళ్లతోటా?"

నవ్వు ఆగిన తరువాత జోగమ్మ అంతా చెప్పింది. గుహ ఎక్కడుందో మాత్రం ఆమెకూ తెలియదు. అడవులు పట్టిన మగవారు పేలుడు మోతే విన్నారు; చోటు తెలిసినవారందరూ లోపలే ఉండిపోయారు. వారికి ఎవరూ రాయి పాతలేదు. రాయి పాతని చావు ఆ వంశం దృష్టిలో ముగియని చావు. ఇప్పుడు దిగువనున్న ఆనకట్ట వలన నీరు వెనక్కు తన్ని లోయలోకి ఎక్కి వస్తున్నది. ఈ వానాకాలంతో లోయ శాశ్వతంగా మునిగిపోతుంది.

"మునిగిందంటే మా పెద్దోళ్లు, మా వేలుపు నీళ్ల కిందే. ఇంక వాళ్లని పిలిచేదెట్టా?" అన్నది జోగమ్మ.

కాత్యాయని ఇంటికి వచ్చి కత్తిని దించింది. ముత్తాత ఏ ఆనవాలైనా వదిలాడేమోనని పట్టుదలతో ఒరను పరీక్షించింది. ఒర అడుగున తోలు చిట్లి ఉంది. దానిని నిలువునా కోసి విప్పగా, లోపలివైపు కాల్చిన ఇనుముతో గీసిన గీతలు కనిపించాయి: ఏటి వంపు, జంట శిఖరాలు, వాటి నడుమ ఒక సెలయేరు, సెలయేటి పక్కన కత్తిగుర్తు.

హంతకుడు తన హత్యాస్థలాన్ని ఎందుకు గుర్తుపెట్టుకొన్నాడు? ఆమె తమ్ముడు భాస్కరం దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంది.

"వెండే అక్కా! కొండవాళ్లు గలగలమంటున్న బుట్ట మోసుకెళ్లారని నాన్న చెప్పేవాడు కదా. పితూరీదార్ల ఖజానా అది. ముత్తాత మళ్లీ వచ్చి తీసుకుందామనుకున్నాడు, పాపం కుదర్లేదు."

"పాపం ఎవరిదో చూసి వద్దాం, పద," అన్నది కాత్యాయని.

జోగమ్మతో కలిసి ముగ్గురూ నాటుపడవలో బయలుదేరారు. మబ్బులు కొండల నెత్తిన కూర్చొని ఉన్నాయి. బురదరంగు నీటిలో సగం మునిగిన ఇప్పచెట్ల మధ్య జోగమ్మ తెడ్డు వేస్తూ పడవను నడిపింది. భాస్కరం కాళ్ల దగ్గర గునపం, మోకులు, ఖాళీ గోనెసంచులు ఉన్నాయి.

"గోనెలెందుకయ్యా నీకు? ఎముకలు మోస్తావా?" అన్నది జోగమ్మ.

భాస్కరం ముఖం చిట్లించాడు. "ఈవిడేంటక్కా, నన్ను నువ్వు నువ్వు అంటుంది?"

"మేం దేవుణ్ణి కూడా నువ్వనే అంటాం. నువ్వు ఆడికంటే పెద్దోడివా?"

కాత్యాయని పెదవుల మీద నవ్వు మెరిసి మాయమైంది.

జంట శిఖరాల నడుమ సెలయేరు దొరికింది. కత్తిగుర్తు ఉండవలసిన చోట గుహ లేదు. బండరాళ్ల గుట్ట ఉంది. దాని మీద వెదురు దట్టంగా పెరిగింది. దిగువన ఏటినీరు రాళ్లను నాకుతూ క్షణక్షణానికీ పైకి వస్తున్నది. భాస్కరం గునపం ఎత్తి రాళ్లను పెకలించసాగాడు.

"ఆపరా! గుట్టంతా కూలుతుంది!" అని అరిచింది కాత్యాయని.

అతడు వినలేదు. ఒక పెద్దరాయి కదిలి, దొర్లి, చప్పుడు చేస్తూ నీటిలో పడింది. గుట్ట అంతటా సన్నని వణుకు పుట్టింది. ఆ క్షణంలోనే, పైన ఒక మద్దిచెట్టు వేళ్ల మధ్యనుంచి చల్లనిగాలి వచ్చి జోగమ్మ చెంపను తాకింది. ఆమె వేళ్లను తప్పించి చూసింది. మనిషి పట్టే పగులు, రాళ్లు కదలడంతో ఇప్పుడే తెరుచుకొన్నది! ఆమె మోకును చెట్టుకు బిగించింది.

"లోపల ఏం దొరికినా మాదే. ఒప్పుకుంటేనే దిగండి."

"ఒప్పుకున్నాం," అన్నది కాత్యాయని. భాస్కరం అప్పటికే గోనెసంచి భుజాన వేసుకొంటున్నాడు.

ఒకరి వెనుక ఒకరు చీకటిలోకి జారారు. లోపల అప్పటికే మోకాలిలోతు నీరు చేరింది. టార్చిలైటు వెలుగులో ఎత్తైన రాతి అరుగు కనబడింది. దానిమీద పగిలిన కుండలు, గాజులు, పూసల పేరులు. వాటి మధ్య వారు. గోడవారగా, ఒకరినొకరు ఆనుకొని, చిన్న ఎముకలను పెద్ద ఎముకలు చుట్టుకొని, ఆ వంశం కూర్చున్నచోటనే ఉండిపోయింది. యుద్ధం చేసినవారి ఎముకలు అలా ఉండవు. గాయపడిన సైనికులను ఏళ్లతరబడి చూసిన కాత్యాయని వాటిలో ఒక్క తూటా దెబ్బ కోసం వెతికింది. ఒక్కటీ లేదు.

కూలిన వాకిలి దగ్గర, రాళ్లకు వీపు ఆన్చి, ఒక వృద్ధురాలి అస్థిపంజరం ఉంది. ఒడిలో వెదురుబుట్ట. వేళ్ల ఎముకల మధ్య ఇత్తడి మువ్వల పట్టెడ చిక్కుకొని ఉంది. ఆ రాళ్లమీద, పట్టెడ తగిలినచోట, గీతలు గుంటలు పడ్డాయి.

కాత్యాయని ఆ గుంటలను వేలితో తడిమింది. ఈమె మువ్వలు మోగించింది. మేము బతికే ఉన్నామని, పిల్లలున్నారని, మువ్వలతో రాళ్లను మోదింది. రాతి ఆవల కాపలా ఉన్న సుబేదారు ఆ మోత విన్నాడు. అది ఆగిపోయేదాకా విన్నాడు. ఆ తరువాత బ్రతికినంతకాలం తన ఇంట్లో గంట మోగనివ్వలేదు; ఈ చోటును మరువలేకే ఒరలో గీసుకొన్నాడు.

"జోగమ్మా, మా ముత్తాత విన్నాడు. విని కూడా తెరవలేదు," అన్నది ఆమె.

జోగమ్మ నోరు విప్పకముందే భాస్కరం బుట్టమీద చెయ్యి వేశాడు.

"చెయ్ తియ్!" అని గర్జించింది జోగమ్మ.

మూత ఊడింది. లోపల ఈటెమొన వంటి ఇనుప ముక్కలు, ఇత్తడి బిళ్లలు, పొడిగా రాలుతున్న ఎర్రగుడ్డ పీలికలు. అవే ఆ వంశపు వేల్పులు. వెండి రవ్వంత కూడా లేదు.

"ఇనుమా? ఈ ఇనుము కోసమా ఇంతమందిని..." అన్నాడు భాస్కరం. అతని పాదం కింద వేలెడంత కాలికడియం ఒకటి ఉంది. అతడు దాన్ని చూసి వెనక్కు అడుగు వేశాడు.

అప్పుడే వాకిలి వైపు రాళ్లు కీచుమన్నాయి. భాస్కరం పైన పెకలించిన గుట్ట కింది నీటి తోపుడుకు లొంగింది. రాళ్లు పగిలి ఎర్రని నీరు ఏనుగులా లోపలికి దూకింది.

"తాడు! తాడు పట్టుకోండి!"

దొర్లివచ్చిన బండ భాస్కరం కాలిని అరుగుకు నొక్కేసింది. కాత్యాయని గునపాన్ని బండ కింద దూర్చి తన బరువంతా వేసింది. బండ కదలలేదు. నీరు అతని రొమ్ముదాకా వచ్చింది. జోగమ్మ బుట్టను తలమీద పెట్టుకొని, అరుగుమీది మట్టిని గుప్పెడు తీసి కొంగున ముడివేసి, మోకు పట్టి పైకి ఎగబాకింది.

"అక్కా! అది పోతుందే! నేను చచ్చిపోతానే!"

"కదలకు! తల పైకెత్తు! ఊపిరి పట్టు!" కాత్యాయని గొంతులో వణుకు లేదు, చేతులు మాత్రం నెత్తురోడుతున్నాయి.

పగులు దగ్గర వెలుగును కప్పుతూ జోగమ్మ నిలబడింది. ఆమె చేతిలో అడవికత్తి ఉంది. ఒక్క వేటు వేస్తే మోకు తెగుతుంది. అక్కాతమ్ముళ్లిద్దరూ తలలెత్తి చూశారు. కాత్యాయని బతిమాలలేదు. ఆ హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

జోగమ్మ కత్తిని నడుమున దోపుకొని, మళ్లీ నీళ్లలోకి దిగింది. ఇద్దరు స్త్రీలూ గునపం మీద పడ్డారు. బండ జరిగింది. మునిగిపోతున్న మనిషిని జుట్టుపట్టి పైకి లాగి, మోకు అతని చంకల కింద చుట్టి, జోగమ్మ అతని చెవిలో అరిచింది.

"నేను మీ తాతనైతే తాడు కోసేదాన్ని. కాదు గనకే వచ్చాను. ఎక్కు!"

వారు పైకి చేరేసరికి గుహ నీటితో నిండి మూసుకొన్నది. పగులులోనుంచి బుడగలు వచ్చి, కొంతసేపటికి అవీ ఆగిపోయాయి.

పడవలో కాత్యాయని తమ్ముని కాలికి వెదురుబద్దలు కట్టింది. జోగమ్మ కొంగులోని ముడిని పట్టుకొని కూర్చున్నది.

"వేలుపు దొరికింది. మట్టి దొరికింది. ముంపోళ్లమని మాకిచ్చిన కాలనీలో సిమెంటు ఇళ్లు ఆనుకొని ఆనుకొని ఉంటాయి. రాయి పాతడానికి జాగా ఏది?"

"మా మెట్ట ఉంది," అన్నది కాత్యాయని.

భాస్కరం తల ఎత్తాడు. సుబేదారుకు ఇనాముగా వచ్చిన ఆ మెట్టను రాతిక్వారీకి ఇస్తానని అతడు ఒక కాంట్రాక్టరుకు మాట ఇచ్చి ఉన్నాడు. అది అక్కాతమ్ముళ్ల ఉమ్మడి ఆస్తి. అతడు ఒప్పుకోకుండా ఒక్క గడ్డ కదలదు.

"ఒక మూల ఇద్దాం అక్కా," అన్నాడు మెల్లగా.

"ముత్తాత చంపింది ఒక మూలలో ఉన్నవాళ్లనే కాదురా. అందరినీ."

నది పొడుగునా అతడు వేల్పుల బుట్టను చూస్తూ కూర్చున్నాడు. ఒడ్డు చేరాక, పడవ దిగబోతూ, జోగమ్మ అందించిన భుజాన్ని పట్టుకొని అన్నాడు: "మొత్తం రాసిచ్చేద్దాం."

దసరా వెళ్లిన తరువాత మెట్ట పొడెం వంశం పేరిట నమోదైంది. రాయి పాతేనాడు గూడెమంతా డోళ్లతో వచ్చింది. కాత్యాయని అందరి ఎదుటా నిలబడి, తన ముత్తాత ఎవరిని చంపాడో, ఎలా చంపాడో, అబద్ధమాడి ఏమి సంపాదించాడో ఒక్క మాట దాచకుండా చెప్పింది. భాస్కరం కుంటుతూ వచ్చి, గునపం తీసుకొని, మొదటి గుంట తానే తవ్వాడు. ఎవరూ అతనిని మెచ్చుకోలేదు, వారించనూ లేదు. గుహలోని మట్టిని ఆ గుంటలో పోసి, దానిమీద నిలువురాయిని నిలబెట్టారు. వేల్పుల బుట్టను రాయి ముందు దించి, చనిపోయినవారిని ఎలుగెత్తి పిలిచారు.

సాయంత్రానికి కాత్యాయని జోగమ్మ దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"మమ్మల్ని క్షమించమని అడగను."

"అడిగినా నా దగ్గర లేదమ్మా అది. చచ్చినోళ్ల దగ్గరుంది," అన్నది జోగమ్మ. తరువాత మెట్ట అంచునుండి అంచుకు చూపు సారించి, నిలిచిన రాయిని చూసింది.

"బాకీ మాత్రం తీరింది. పూర్తిగా తీరింది. ఇంక పోయిరండి."

అక్కాతమ్ముళ్లు మెట్ట దిగారు. అది ఇక వారిది కాదు.