ఎనిమిదో మెడల్

"సిద్దికా! మన ఏజెంట్లు నలభై మంది పేర్లు, ఇళ్ళ అడ్రసులు, పిల్లల వివరాలు ఒక చిప్‌లో ఎక్కించి ఎవడో అమ్మేశాడు."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. ఆయిల్ పెయింటింగ్. మిలిటరీ యూనిఫాంలో ఎవరో మహారాజు. ఎర్ర కోటు, నడుముకు కత్తి.

"చిలకలూరిపేట హైవే మీద మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో ఉంది. రాజుగారి ఛాతీ మీద గీసినవి ఏడు మెడల్స్. ఎనిమిదోది అతికించింది. చిప్ దాని వెనక. శనివారం ఒంటిగంటకు విదేశీ ముఠా మనిషి దానికోసం వస్తాడు. వాణ్ణీ చిప్‌నీ కలిపి పట్టుకోవాలి. నువ్వు షెడ్డులో కూలీగా, బాలు బస్తాలు మోసే హమాలీగా వెళ్ళాలి."

బాలు పేరు వినగానే ఆమెకు ధైర్యం వచ్చింది. ఆరేళ్ళ పార్ట్‌నర్. పాపకు మొదటి గౌను తెచ్చినవాడు.

మూడు రోజులు సిద్దికా మిరప రాశిలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరింది. ఇంటికెళ్ళినా పాపను ఎత్తుకోలేదు. ఆ ఘాటు చేతులు తగిలితే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది.

శనివారం మధ్యాహ్నం పక్కన ఏరుతున్న సుబ్బరావమ్మ కేరేజీ విప్పింది. "ఏమ్మాయ్, అన్నానికి రావా?"

"చేతులు కడుక్కొస్తా పిన్నీ."

"కడిగితే పోద్దటే ఈ ఘాటు! పెళ్ళి గోరింటాకన్నా పోద్దిగానీ."

సిద్దికా మెట్లెక్కి ఆఫీసులోకి జారింది. పెయింటింగ్ ముందు బాలు.

"ఏడే ఉన్నాయి చెల్లెమ్మా. చీఫ్‌కి రాంగ్ ఇన్ఫర్మేషన్. మూడు రోజులుగా బస్తాలు మోసి నడుం పోయింది. ఇంటికి పో, పాప చూస్తుంటుంది."

ఆవలించి, చేత్తో కన్ను నలుపుకున్నాడు.

కన్ను ఎర్రబడలేదు. చుక్క నీరు రాలేదు.

మిరప బస్తా ముట్టుకున్న చెయ్యి కాదది. రాజుగారి ఛాతీ మీద దుమ్ములో గుండ్రంగా శుభ్రమైన మచ్చ.

"అన్నా... నువ్వా?"

బాలు పిస్టల్ తీశాడు. కింద కారు హారన్ మోగింది. పన్నెండు యాభై తొమ్మిది.

"అందులో నా పాప ఉందన్నా!"

"తెలుసు. మీ అడ్రసు నేనే టైప్ చేశాను." ఒక అడుగు ముందుకేశాడు. "చేతులు పైకెత్తు."

ఎత్తింది. తిన్నగా అతని కళ్ళలోకి.

బాలు కేకకు కిటికీలు అదిరాయి. గురితప్పిన బుల్లెట్ మహారాజు కత్తికి తగిలింది. సిద్దికా పిస్టల్ లాక్కుని, అతని జేబులోంచి మెడల్ తీసి, తన కొంగులో దాచిన పెన్ ట్రాన్స్‌మిటర్ నొక్కింది. "చీఫ్, చిప్ దొరికింది. గేటు మూయించండి." కింద అప్పుడే తలుపు తెరుచుకుంటున్న కారును చీఫ్ పంపిన జీపులు చుట్టుముట్టాయి.

"నీళ్ళు... చెల్లెమ్మా, నీళ్ళు!" బాలు నేల మీద దొర్లుతున్నాడు.

సిద్దికా వంగి చూసింది. రెండు కళ్ళూ పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"ఇప్పుడు నమ్ముతున్నానన్నా, నువ్వు మిరపకాయల్లో పనిచేశావని."