కోడెవాగు ఒడిబియ్యం

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా వియ్యంకుడు కొమురెల్లి. బైపాస్ రోడ్డు వేసినప్పుడు రోలర్ మీద కూర్చున్నాడు. ఆ రోలర్ తనంతట తానే నడుస్తుంది, అయినా పైన ఒక మనిషి ఉండాలని రూలు. మావాడి పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టిన మనిషి. నేనది మరవలేదు, మరవను కూడా. కానీ కళ్ళతో చూసినవాడు కాబట్టి ఆయన మాటే తీసుకుంటున్నాను. టీవీవాళ్ళు చెప్పింది నాకక్కర్లేదు.

అప్పటికి పట్నంలో వీధులు తమను తామే ఊడ్చుకుంటున్నాయి. బస్సులకు డ్రైవర్లు లేరు. కోడెవాగు పొంగితే ఎంతమేర మునుగుతుందో చూపే వరద పటం మాత్రం పాతదే. అందులో వాగొడ్డున ఉన్న మేదరవాడ అంతా ఎరుపు. ఎరుపులో ఉన్న ఇళ్ళు ఖాళీ చేయించాలి. అదీ చట్టం.

ఆ పటం గీసింది రోడ్డు రాకముందు. తర్వాత వాగు పక్కన ఎత్తుగా మట్టికట్ట పోసి దాని మీద రోడ్డు వేశారు. కింద పెద్ద డ్రైనేజీ పైపు పెట్టారు. ఇంత చేసినా వాగు నడక మారలేదన్నాడు ఆ రోడ్డు వేయించిన ఇంజినీరు దయాకర్. ఆయన ఇల్లు రోడ్డుకవతల హిల్ వ్యూ కాలనీలో.

"మారిందో లేదో నీళ్ళనే అడుగుదాం సార్" అంది డాక్టర్ నుజహత్. పటం మళ్ళీ గీయడానికి వచ్చిన సైంటిస్టు ఆవిడ.

ఆవిడ తెచ్చిన యంత్రం జొన్నగింజంత సెన్సర్. అలాంటివి ఒక సంచెడు. బ్యాటరీ లేదు. నీటి కుదుపుకే కరెంటు పుట్టించుకుంటుంది. "నేనిక్కడున్నాను, ఇంత లోతులో ఉన్నాను" అని రేడియోలో చెబుతూ పోతుంది. కంప్యూటర్ ఆ మాటలన్నీ విని పటం గీస్తుంది. ఉపగ్రహం పైనుంచి చూస్తుందే కానీ భూమిలో పైపును చూడలేదు. గింజ చూస్తుందని ఆవిడ నమ్మకం.

మేదరవాడ పెద్ద సాయవ్వ. వెదురు చీల్చి చీల్చి ఆమె వేళ్ళు కూడా వెదురు కణుపుల్లాగే ఉండేవి. ఏటా కొత్తనీరు రాగానే ఆ వాడ ఆడవాళ్ళు గంగమ్మకు ఒడిబియ్యం పోస్తారు. గంగమ్మ వాళ్ళింట పుట్టిన ఆడబిడ్డ అని లెక్క. ఆ పొద్దునే గింజలు కూడా వాగులో వేయాలని నుజహత్ సంచి ఆమె చేతికిచ్చింది.

"అవ్వా, ఒక్కొక్కటే చల్లుతూ పోవాలి. ఇళ్ళు నిలబడేది దీనిమీదే."

"అట్లనే బిడ్డా" అంది సాయవ్వ.

కాసేపటికి కమ్యూనిటీ హాలు గోడ మీద పటం వెలిగింది. వేల చుక్కలు రావాలి. ఒకే ఒక్క చుక్క వచ్చింది, బొద్దుగా.

"అవ్వా! గింజలేం చేశారు?"

"బియ్యంల కలిపి పసుపుగుడ్డల ముడి కట్టి, కొత్త చేటల పెట్టి వదిలిన."

"చల్లమన్నాను కదా!"

"ఆడబిడ్డకు ఒడిబియ్యం చల్లుతరా ఎవలన్న? గదేమన్న కోళ్ళకేసే నూకలా?"

నుజహత్ తల పట్టుకుని కూర్చుంది. దయాకర్ నవ్వాడు. "అయిపోయింది మేడం. పాత పటమే ఖాయం. వాళ్ళను సామాను సర్దుకోమనండి."

సాయవ్వకు అప్పుడు అర్థమైంది. ముఖం తెల్లబోయింది. తన చేత్తోనే వాడను ముంచానా అని అక్కడే కూలబడింది.

చుక్క మాత్రం ఆగలేదు. మేదరవాడ ముందుకు వచ్చింది, లోపలికి తిరగలేదు. నీళ్ళు మట్టికట్ట వెంబడి లాక్కుపోతున్నాయి. పైపు నోటి దగ్గర గిరగిరా తిరిగింది. అక్కడ జాలీ ఇంకా బిగించలేదు. చుక్క పైపులో దూరింది.

దూరినా పలుకుతూనే ఉంది! నుజహత్ లేచి నిలబడింది. ఒంటరి గింజ గొంతు సిమెంటు దాటి రాదు. ఇవి అన్నీ ఒక్క ముడిలో ఉండి ఒక్కసారే అరుస్తున్నాయి.

చుక్క రోడ్డుకవతల తేలింది. పార్కు దాటి ఒక గేటు ముందు ఆగింది. అప్పుడే దయాకర్ ఫోను మోగింది. ఆయన భార్య.

"ఏమండీ, వాకిట్లో మోకాలి లోతు నీళ్ళు! ఎవరిదో చేట, పసుపుగుడ్డతో వచ్చింది. హారతివ్వనా, తోసెయ్యనా?"

హాలంతా విన్నది. "హారతియ్యమను సారూ" అంది సాయవ్వ, కూర్చున్న చోటినుంచే. "పెద్దింటికొచ్చింది పిల్ల."

పటం మారింది. మేదరవాడ ఎరుపులోంచి బయటపడింది. కాలనీ ఎరుపెక్కింది. దయాకర్ తన రోడ్డుకు తనే తూములు తెరిపించాడు. నీళ్ళు మళ్ళీ, రోడ్డు రాకముందులాగే, ఖాళీ బీడు మీద పరుచుకున్నాయి. ఇప్పుడు ఎవరిల్లూ మునగదు. కాలనీ వాకిట్లోకి మాత్రం కొత్తనీరు పాదాలు తడిపేంత వస్తుంది.

అసలు తగువు మరుసటేడు. పట్టుచీరలు కట్టుకుని కాలనీ ఆడవాళ్ళు వచ్చారు. "పటం చూడండి, నీళ్ళు మొదట మా గడపకొస్తున్నాయి. మొదటి ఒడిబియ్యం మావే" అన్నారు. ఎరుపు తుడిపించుకున్న సాయవ్వే నుజహత్ దగ్గరికి ఉరికింది.

"బిడ్డా, మా వాడను మళ్ళ ఎరుపుల రాయి."

"రాస్తే ఇళ్ళు ఖాళీ చేయిస్తారవ్వా!"

సాయవ్వ కాలనీవాళ్ళవైపు తిరిగింది. "అమ్మా, పిల్ల మీ ఇంటికొచ్చింది, సంతోషం. అది అత్తగారిల్లు. ఒడిబియ్యం పోసేది పుట్టింటోళ్ళు."

దయాకర్ భార్య ముందు నవ్వింది, తర్వాత పక్కకు జరిగింది. అప్పటినుంచి మేదరవాడ పోస్తుంది, కాలనీ ఎదురొచ్చి అందుకుంటుంది. రెండు వైపులా వియ్యాలవారి మర్యాదలే.

కానీ హాలు ముందు పెట్టిన పటం పలకలో "మొదటి ఒడిబియ్యం: హిల్ వ్యూ కాలనీ" అనే ఉంది. అది తప్పు. ఆ పలక మీద చెయ్యి పెట్టే అధికారం ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, గీతలు ముట్టుకోవద్దు, ఆ ఒక్క వరస కొట్టేసి "పుట్టిల్లు: మేదరవాడ" అని రాయండి.