మిట్టమధ్యాహ్నం మెరిసిన సీసా

"ఒంటిగంటకి మీ బావని నువ్వే కాల్చాలి. నువ్వు కాల్చకపోతే కాపలావాడు కాలుస్తాడు," అన్నారు గూఢచారి శాఖ పెద్దాయన, టీ కప్పు కింద పెడుతూ.

ఎదుట నిలబడ్డ ఏజెంటు మారుపేరు ముంగిస. పదకొండేళ్ల సర్వీసులో ఎందర్నో కాల్చాడు గానీ, అక్క మొగుణ్ని కాల్చమని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. శత్రువులు మంచినీళ్లలో కలపబోయే విషపు నాచుకి విరుగుడు తెలిసినవాడు మన ల్యాబ్ శాస్త్రవేత్త అయిన బావ ఒక్కడే. ఆ నాచుని ఏడాదిగా మన ల్యాబ్‌లోనే పెంచుతున్నదీ అతనేనని నెమలి సాక్ష్యం చెప్పింది. నెమలి శత్రువుల కొలువులో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే పెద్దాయన ఫైళ్లు చదవడం మానేస్తారు. బావ సొరుగులోంచి విషపు నాచు సీసా తీసి చూపించింది కూడా ఆమే.

వరండా చివరి గదిలో బావని కుర్చీకి కట్టేశారు. కుడిచేతికి రెండు గోళ్లే మిగిలాయి. ముంగిస ఆ చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"తర్వాత ఏడుద్దువు గానీ, విను," అన్నాడు బావ. "ఆ నాచుకి ఉన్నది ఒకే ఒక్క కణం. అయినా లోపల గడియారం ఉంటుందిరా. కుదిపితే రాత్రివేళే మెరుస్తుంది. చీకట్లో దాచినా కొన్నాళ్లు పెరిగినచోటి వేళే పాటిస్తుంది. నా సీసా, ఆ నెమలి చూపించిన సీసా, రెండూ కుదిపి చూడు."

టైము పన్నెండూ నలభై. ముంగిస జేబులో కెమెరా లైటరూ, విషపు పెన్నూ ఉన్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు. పెద్దాయన్నీ నెమలినీ కిటికీల్లేని స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్లి లైటు ఆర్పాడు. ల్యాబ్‌లో బావ పెంచిన, అదే జాతి విషం లేని నాచు సీసా కుదిపాడు. ఏమీ లేదు. నెమలి చూపించిన సీసా కుదిపాడు. నీలంగా వెలిగింది. ఆ వెలుగులో నెమలి మొహాన నెత్తురు చుక్క లేదు.

"ఇక్కడ మిట్టమధ్యాహ్నం. దీనికింకా అర్ధరాత్రే," అన్నాడు ముంగిస. "ఇది పెరిగింది భూమికి అవతలివైపు. మొన్న విమానంలో తెచ్చావు. ఓ వారం కిటికీలో పెట్టుంటే మన వేళకి అలవాటు పడేది. ఎవరి కంటా పడకూడదని నల్లగుడ్డ చుట్టి దాచావు."

మన వేలితో మన కన్నే పొడిపించాలని చూసింది మహాతల్లి! నెమలి తలుపువైపు దూకితే పెద్దాయన కాలు అడ్డం పెట్టారు. ముంగిస వరండా అంతా పరుగెత్తాడు. కాపలావాడు అప్పటికే బావ కణతకి పిస్టల్ ఆనించాడు. ముంగిస వాడి చెయ్యి పైకి తోసేశాడు. గుండు సీలింగ్‌లో దిగింది.

ఆయాసపడుతూనే, బావ గోళ్ల సంగతేంటని వెనకే వచ్చిన పెద్దాయన్ని నిలదీశాడు. అవి మళ్లీ పెరుగుతాయన్నారు ఆయన. నెమలిని అదే కుర్చీలో కూర్చోబెట్టించి, వాచీ చూసుకుని, బావని కాల్చమన్న ఆర్డరు కాగితం గుమాస్తాకి ఇచ్చారు.

"ఇంకా నిమిషం ఉంది. పేరు కొట్టేసి ఈవిడ పేరు రాయి. టైము మార్చక్కర్లేదు."